పక్కింటావిడ రీగా ఫైలు

మా ఆయన దృష్టిలో నాకు వచ్చిన ఏకైక కళ ఫైలు కట్టడం. పెళ్ళిచూపుల్లో పాట వచ్చా అని అడిగారు గానీ ఫైలు కట్టడం వచ్చా అని ఎవరూ అడగలేదు. మిషిగన్‌లోని మా ఊరు నోవైలో మాకు తెలిసిన తెలుగువాళ్ళలో సగంమంది వీసా కాగితాలు లాయర్ దగ్గరికి వెళ్ళేముందు మా డైనింగ్ టేబుల్ మీదుగా వెళ్తాయి. రంగురంగుల ట్యాబులు, ముందు విషయసూచిక, ప్రతి కాగితానికీ మూడు కాపీలు, ఒరిజినళ్ళు విడిగా. ఇంత చేసినా నా సొంత గ్రీన్ కార్డ్ ఫైలు పదమూడేళ్ళుగా ఉన్నచోటే ఉంది. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. మాకు ఎలుక ఇంకా దొరకలేదు గానీ తవ్వడం మాత్రం బాగా వచ్చింది.

కార్ల బ్రేకుల సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేయడం నా ఉద్యోగం. తప్పు ఎక్కడ జరగొచ్చో ముందే కనిపెట్టడానికి నాకు జీతం ఇస్తారు. ఈ సంగతి ఇప్పుడే చెప్పడం మంచిది, ఎందుకంటే ఇందులో తప్పు చేసింది నేనే.

మా పక్కింటావిడకు డెబ్బై తొమ్మిదేళ్ళు. భర్త పోయాడు, పిల్లలు లేరు. కారు తనే నడుపుకుంటుంది, మంచు తనే ఎత్తిపోసుకుంటుంది. మేం ఆ ఇంటికి వచ్చిన మొదటి చలికాలంలో మా ఆయన పార పట్టుకున్న తీరు కిటికీలోంచి చూడలేక, కోటు వేసుకుని బయటికొచ్చి నేర్పింది. మా అమ్మాయి ఆవిడను ఆంటీ అని పిలిచింది. తనను అలా పిలిచినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరట. ఒక వారం ఆశ్చర్యపోయి, రెండో వారం నుంచి మా అమ్మాయి చదువు గురించి నన్ను నిలదీయడం మొదలుపెట్టింది. జీలకర్రలాంటి గింజలు వేసి, రై అనే ధాన్యం పిండితో నల్లటి రొట్టె చేసి పంపేది. నేను పులిహోర పంపితే పల్లీలు ఏరుకుని తిని, అన్నం కూడా పరవాలేదనేది. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. తెలుగులో రాస్తే ఆవిడ కొంచెం మెత్తగా వినిపిస్తోంది, ఆ తేడా చదివేవాళ్ళే కలుపుకోవాలి.

ఆవిడ తల్లిదండ్రులది లాట్వియా. బాల్టిక్ సముద్రం దగ్గర రీగా అనే రేవు పట్టణం. తండ్రి రేవులో క్రేన్ నడిపేవాడు. యుద్ధం చివర్లో సోవియట్ సైన్యం మళ్ళీ వస్తోందని తెలిసి మొగుడూ పెళ్ళాం ఓడెక్కి జర్మనీ చేరారు. అక్కడి కాందిశీకుల శిబిరంలో ఈవిడ పుట్టింది. నాలుగేళ్ళ పిల్లగా మిషిగన్ వచ్చింది. తర్వాత తోబుట్టువులెవరూ పుట్టలేదు. ప్రతి శనివారం లాట్వియన్ బడికి లాక్కెళ్ళేవారట. మా అమ్మాయి ఆదివారం తెలుగు క్లాసుకి వెళ్ళనని మొరాయించినప్పుడల్లా ఆవిడ మా అమ్మాయి పక్షమే తీసుకునేది.

రీగా గురించి ఆవిడ చెబుతుంటే పుట్టి పెరిగింది అక్కడే అనిపించేది. ఎనిమిది వందల ఏళ్ళ నాటి వీధులు, గోడల మీద ఆడవాళ్ళ ముఖాలు చెక్కిన మేడలు, ఎయిర్‌షిప్పులు నిలిపే షెడ్లు ఊడదీసి తెచ్చి కట్టిన మార్కెట్, అందులో పొగబెట్టిన చేపలు ఏ వరసలో అమ్ముతారో కూడా. ఒకసారి కంచె దగ్గర నిలబడి, చివరిసారి ఎప్పుడు వెళ్ళారని అడిగాను.

"ఎప్పుడూ వెళ్ళలేదు," అంది.

తర్వాత చెప్పింది. "మా అమ్మ ఆ ఊరికి పరాయిదానిలా వెళ్ళనంది. మన ఇంట్లోకి మనం అనుమతి అడిగి వెళ్తామా అనేది. సోవియట్ వాళ్ళున్నప్పుడు వెళ్ళలేదు. వాళ్ళు పోయి దేశం మళ్ళీ మాదయ్యాక కూడా వెళ్ళలేదు. లాట్వియా పాస్‌పోర్ట్ నా చేతికి రానీ, అప్పుడు చూద్దాం అనేది. అలాగే పోయింది. అమ్మ మాట నేను నిలబెట్టాలి కదా. వెళ్తే ఆ దేశం మనిషిగానే వెళ్తాను."

కిందటి శరదృతువులో గుండె డాక్టరు ఆవిడకు ఒక మాట చెప్పాడు. ఇంకో ఏడాదిలోపు అయితే అంత దూరం విమానంలో వెళ్ళొచ్చు, ఆ తర్వాత సంగతి హామీ ఇవ్వలేను అని. ఆ సాయంత్రమే మా తలుపు తట్టింది. చేతిలో రొట్టె లేదు.

"నాకూ ఒక ఫైలు కట్టిపెడతావా?" అంది.

కూర్చుని చట్టం చదివాను. అప్పట్లో పారిపోయినవాళ్ళూ వాళ్ళ పిల్లలూ తమ పౌరసత్వం నమోదు చేయించుకోవచ్చు, అమెరికా పాస్‌పోర్ట్ వదులుకోనక్కర్లేదు. చూపించాల్సిందల్లా తల్లి గానీ తండ్రి గానీ ఆ దేశాన్ని సోవియట్లు ఆక్రమించక ముందు అక్కడి పౌరులని రుజువు. చదువుతుంటే నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం కడుపు మండింది. లాట్వియా ఇప్పుడు యూరోపియన్ యూనియన్‌లో ఉంది. ఈవిడ ఒక కాగితం చూపిస్తే చాలు, ఇరవై ఏడు దేశాల్లో ఎక్కడైనా ఉండొచ్చు, ఉద్యోగం కూడా చేయొచ్చు. మేం పారిస్‌లో నాలుగు రోజులు తిరగడానికి బ్యాంక్ స్టేట్‌మెంట్లు, తిరిగొస్తామని కంపెనీ లెటరు, హోటల్ బుకింగ్ అన్నీ సిద్ధం చేసుకుని, అపాయింట్‌మెంట్ దొరక్క ఊరుకున్నవాళ్ళం. ఇరవై ఏడు దేశాల సంగతి ఆవిడకు చెప్పాను.

"అన్ని దేశాలు నాకెందుకు? ఒకటి చాలు. అందులోనూ ఒక వీధి చాలు."

ఆ వీధిని ఫోన్లో చూపించాను. తల్లి చెప్పిన నంబరు దగ్గర రెండంతస్తుల చెక్క ఇల్లు ఇంకా ఉంది. కొత్తగా బాగుచేశారు. కింద కాఫీ షాపు. గుమ్మం పక్కన నీలం బోర్డు, దాని మీద పసుపు నక్షత్రాలు. పాత చెక్క ఇళ్ళను వారసత్వంగా కాపాడటానికి యూరోపియన్ యూనియన్ డబ్బిచ్చిందని రాసి ఉంది. ఆవిడ కళ్ళజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఆకుపచ్చ రంగు వేశారు. అది గోధుమ రంగు ఇల్లు," అంది. సంతోషించిందో కోపగించిందో తెలియలేదు. మేడ మీద ఎడమవైపు కిటికీ మాత్రం వేలితో పెద్దది చేసి, ఫోను ఆరిపోయేదాకా అలాగే పట్టుకుంది.

కాగితాలు పోగుచేయడానికి రెండు నెలలు పట్టింది. శిబిరంలో ఇచ్చిన జనన పత్రం, తల్లిదండ్రుల పెళ్ళి పత్రం, ఈవిడ పెళ్ళి పత్రం, భర్త మరణ పత్రం. అసలైన రుజువు మాత్రం ఒక్కటే. తండ్రి పాత లాట్వియా పాస్‌పోర్ట్‌లో మిగిలిన ఒకే ఒక్క పేజీ. ఒకవైపు ఆయన ఫోటో, దాని అంచు మీద ఉబ్బెత్తుగా నొక్కిన ముద్ర, రెండోవైపు సంతకాలు. అంచులు ముట్టుకుంటే రాలుతున్నాయి. తల్లి దాన్ని కుకీల డబ్బాలో, సూదులూ గుండీల కింద దాచిందట. ఆవిడ దాన్ని రెండు చేతులతో నాకు అందించి, "జాగ్రత్తగా చూసుకో," అంది.

ఆ మాట మావాళ్ళతో అనకూడదు.

మా ఊళ్ళో కాగితాన్ని జాగ్రత్తగా చూసుకోవడానికి ఒకటే పద్ధతి. పదో తరగతి మార్కుల మెమో వచ్చిన రోజు మా నాన్న నన్ను గుడికి తీసుకెళ్ళలేదు, ఒంగోలు బస్టాండ్ పక్కన జిరాక్స్ షాపుకి తీసుకెళ్ళాడు. "ఐదు జిరాక్సులు, ఒక లామినేషన్," అన్నాడు. నేను అంత పెద్దదాన్నయ్యానని మొదటిసారి అప్పుడే తెలిసింది. తర్వాత ఇంటర్ మెమో, డిగ్రీ, రేషన్ కార్డు, కులం సర్టిఫికెట్ అన్నీ ఆ షాపు గుమ్మం తొక్కినవే. ఒరిజినల్ అనేది ప్లాస్టిక్ తొడుక్కోకుండా ఇంట్లో ఉంటే మాకు అన్నం సహించదు. నా డిగ్రీ అలా మెరుస్తూనే అమెరికా వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు.

ఆ శనివారం మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కోసం కొన్న లామినేషన్ మెషీన్ బయటికి తీశాను. పచ్చ లైటు వెలిగేదాకా ఓపిగ్గా ఆగాను. రాలుతున్న అంచులను దూదితో సర్ది, పేజీని కవర్లో పెట్టి లోపలికి పంపాను. అవతలి వైపు నుంచి గట్టిగా, నున్నగా బయటికి వచ్చింది. ఒక్కచోట గాలి బుడగ మిగిలింది, తండ్రి ఎడమ చెంప మీద. నాకు ఎంతో తృప్తిగా అనిపించింది. ఆ తృప్తి తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మా ఆయన కాఫీ కప్పుతో వచ్చి చూశాడు.

"ఇదేంది?"

"ఆవిడ నాన్న పాస్‌పోర్ట్ పేజీ."

"ఒరిజినలా? ఒరిజినల్నే మెషీన్ల పెట్టినవా?"

"అంచులు రాలిపోతున్నాయి మరి."

"మంచిగనే చేసినవ్ గని..." అని ఆగి, కాఫీ తాగుతూ వెళ్ళిపోయాడు. ఆయనది వరంగల్. ఆయన డిగ్రీ కూడా ప్లాస్టిక్‌లోనే ఉంది కాబట్టి అంతకంటే ఏమీ అనలేకపోయాడు.

సంతకాలు పెట్టడానికి వచ్చినప్పుడు ఆవిడ ఆ పేజీని వేలితో తట్టి చూసింది. టక్‌మని చప్పుడైంది.

"ఇది తీయొచ్చా?"

"తీయక్కర్లేదండీ. ఇంక వందేళ్ళు చెక్కు చెదరదు."

"మా నాన్నకు పంటినొప్పి వచ్చినట్టుంది," అంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఫైలు వాషింగ్టన్‌లోని ఎంబసీకి పంపాం.

మూడు వారాలకు ఎంబసీ నుంచి ఒక కుర్ర అధికారి ఆవిడకు ఫోన్ చేశాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆవిడ స్పీకర్ ఆన్ చేసింది. ఫైలు చాలా బాగుందని, ఇంత పద్ధతిగా కట్టిన ఫైలు తను చూడలేదని మెచ్చుకున్నాడు. నేను వినయంగా తల వంచుకున్నాను.

"ఒక్క విషయం. పాస్‌పోర్ట్ పేజీ మీద ఈ ప్లాస్టిక్ ఎవరు వేశారు?"

ఆవిడ నా వైపు చూడలేదు. "మా పక్కింటి అమ్మాయి. బ్రేకులు టెస్ట్ చేస్తుంది," అంది.

అతను మర్యాదగానే చెప్పాడు. కాగితాన్ని తాకి చూడాలి, ముద్ర ఉబ్బు వేలికి తగలాలి, ఇప్పుడు ఆ రెండూ కుదరవు, దీన్ని ఒరిజినల్‌గా తీసుకోలేం. ఇంకో రుజువు ఏదైనా ఉందా? లేదు. అయితే రీగాలో ప్రభుత్వ ఆర్కైవ్ ఉంది, పాత రిజిస్టర్లు వెతికి నకలు ఇస్తారు, రాయండి. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేను.

ఆవిడ అతనికి థాంక్స్ చెప్పి ఫోను పెట్టేసింది. ఆవిడ కేకలేస్తే బాగుండేది. తిడితే ఇంకా బాగుండేది. బల్ల మీద రొట్టె తుంపులు అరచేత్తో ఊడ్చి, "నాకు కొంచెం పని ఉంది," అంది. అంటే నన్ను వెళ్ళమని. నాకు సిగ్గేసింది. ఆవిడకు డాక్టరు ఇచ్చిన ఏడాదిలోంచి ఎన్ని నెలలు నేను మెషీన్లో పెట్టానో లెక్క వేయడానికి భయపడ్డాను.

పని రాక్షసిని కదా, ప్లాస్టిక్ ఊడదీసే మార్గం ఉందేమోనని ముందు నా కాగితం మీద పరీక్షించాను. మా అత్తగారు ఎప్పుడో రాసిన పాత ఉత్తరం లామినేట్ చేసి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి లాగాను. కాగితం పొరలుగా విడిపోయి సగం అటూ సగం ఇటూ వచ్చింది. అత్తగారి క్షేమ సమాచారాలన్నీ పోయాయి. మా ఆయన దాన్ని చూసి, డ్రయ్యర్ తీసుకెళ్ళి బాత్రూమ్‌లో పెట్టేశాడు.

ఆర్కైవ్‌కి ఉత్తరం రాశాను. తండ్రి పేరు, తల్లి పేరు, వీధి, ఇంటి నంబరు, రేవులో ఉద్యోగం, తెలిసినవన్నీ పెట్టాను. ఆవిడ చదవకుండానే సంతకం పెట్టింది. తర్వాత మా మధ్య మాటల్లేవు. రొట్టె రావడం ఆగిపోయింది. నేను పంపిన పులిహోర గిన్నె కడిగి, ఖాళీగా మా గుమ్మం ముందు పెట్టేది. ఆఫీస్ పార్కింగ్‌లో కార్‌లో కూర్చుని ఒకరోజు ఏడ్చాను. నా పదమూడేళ్ళ ఫైలు కోసం కూడా అంత ఏడవలేదు.

జనవరిలో పెద్ద మంచు పడినప్పుడు ఆవిడ లేవకముందే వెళ్ళి ఆవిడ డ్రైవ్‌వే శుభ్రం చేయడం మొదలుపెట్టాను. సగం అయ్యేసరికి తలుపు తెరుచుకుంది.

"అలా తిప్పితే నడుం పడిపోతుంది. మోకాళ్ళు వంచు," అంది. ఆ మాత్రం చాలనుకుని మోకాళ్ళు వంచాను.

ఫిబ్రవరి చివర్లో ఆర్కైవ్ నుంచి ఈమెయిల్ వచ్చింది. రీగాలో ఆ రోజుల్లో ప్రతి ఇంటికీ ఒక రిజిస్టరు ఉండేదట. ఆ ఇంట్లో ఎవరు ఉంటున్నారు, ఎక్కడ ఎప్పుడు పుట్టారు, ఏ దేశ పౌరులు, ఎప్పుడు వెళ్ళిపోయారు అన్నీ అందులో రాసేవారు. ఈ ఇంటి రిజిస్టరు దొరికింది. ఆ పేజీ ఫోటో, దానితో ముద్ర వేసిన ధ్రువపత్రం పంపారు. అసలు కాగితం పోస్టులో వస్తోంది. పౌరసత్వం గడిలో తండ్రి పేరు ఎదురుగా లాట్వియా అని స్పష్టంగా ఉంది. ఆవిడ ఇంట్లో ప్రింటర్ లేదు. మా ఇంట్లోనే తీసి, పరుగున వెళ్ళి ఆవిడను పిలుచుకొచ్చాను. వారాల తర్వాత నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆవిడ మా కిచెన్ కౌంటర్ దగ్గర స్టూలు మీద కూర్చుని వేలు పెట్టి చదివింది. చేతిరాత గజిబిజిగా ఉంది గానీ ఆ శనివారం బడి ఇప్పుడు అక్కరకొచ్చింది. చదువుతూ నాకోసం ఇంగ్లీషులో చెప్పింది.

"ఇది మా నాన్న. క్రేన్ పని. ఇది అమ్మ. గృహిణి. తర్వాత... కూతురు."

"మీరే," అన్నాను.

"నేను జర్మనీలో పుట్టాను. ఈ పిల్ల రీగాలో పుట్టింది."

వేలు ఆ వరసలో మెల్లగా కుడివైపు జరిగింది. చివరి గడి దగ్గర ఆగింది. అక్కడ ఒకే ఒక్క మాట, దాని కింద ఒక తేదీ ఉన్నాయి. తల్లిదండ్రులు ఓడెక్కిన ఏడాదే, ఓడెక్కడానికి కొన్ని నెలల ముందు, చలికాలంలో.

"చనిపోయింది," అంది. తర్వాత ఆ పేరు పైకి చదివింది. అది విని తనే ఉలిక్కిపడింది. ఆ పేరు ఇంతకుముందు ఆవిడ ఎప్పుడూ వినలేదు.

నేను నీళ్ళు ఇచ్చాను. తాగలేదు. మా అమ్మాయి స్కూల్ నుంచి వచ్చి హాయ్ ఆంటీ అంటే తల ఊపింది. అమ్మాయి తన గదిలోకి వెళ్ళాక అంది.

"మా అమ్మకి పాస్‌పోర్ట్‌తో పనేం లేదు. వెళ్ళలేక అన్న మాట అది. పిల్లని అక్కడ మట్టిలో పెట్టి, ఓడెక్కి వచ్చేసింది. మళ్ళీ ఆ మట్టి ముందు నిలబడలేక పాస్‌పోర్ట్ అంది, పరాయిదాన్ని అంది. నేను అదంతా నిజమని నమ్మి ఇన్నేళ్ళు ఇక్కడే కూర్చున్నాను."

ఆవిడ చేయి పట్టుకున్నాను. అలవాటు లేని మనిషి, అయినా చేయి వెనక్కి తీసుకోలేదు.

ఆ ధ్రువపత్రం చాలని ఎంబసీ వాళ్ళు చెప్పారు. నమోదు కావడానికి కొన్ని నెలలు, తర్వాత వాషింగ్టన్ వెళ్ళి వేలిముద్రలు, ఆ తర్వాత పాస్‌పోర్ట్. వేసవి చివరికల్లా చేతికి వస్తుంది, డాక్టరు చెప్పిన గడువు దాటదు. ఇదంతా ఒక కాగితం మీద వరసగా రాసి ఆవిడకు చూపించాను. నాకు మళ్ళీ కొంచెం గర్వంగా అనిపించింది.

"టికెట్ బుక్ చేయి," అంది.

"ఆగస్టుకా, సెప్టెంబరుకా?"

"వచ్చే వారానికి."

"పాస్‌పోర్ట్ రాకుండానే ఎలా వెళ్తారు? అమెరికా పాస్‌పోర్ట్ మీద పరాయివాళ్ళ లైన్లో నిలబడాలి. ఇన్నేళ్ళు ఆగింది దానికోసమే కదా?"

"ఆగింది నేను కాదు," అంది. "ఆ పిల్ల."

బుక్ చేశాను. ఆర్కైవ్ వాళ్ళకు మళ్ళీ రాస్తే ఆ పిల్లను ఏ శ్మశానంలో పెట్టారో చెప్పారు. అన్నేళ్ళుగా ఎవరూ చూసుకోని సమాధులను వేరే కుటుంబాలకు ఇచ్చేస్తారని, గుర్తేమీ మిగలకపోవచ్చని కూడా మర్యాదగా రాశారు. ఆవిడ అది చదివి, ప్రింటవుట్ నాలుగు మడతలు పెట్టి పర్సులో పెట్టుకుంది. కవర్లో పెట్టిస్తానన్నాను. వద్దంది.

డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్‌కి నేనే డ్రైవ్ చేశాను. చెకిన్ కౌంటర్లో అమ్మాయి మంచి పిల్ల, నవ్వుముఖం. ఆవిడ చిన్న సూట్‌కేసును బెల్ట్ మీద పెట్టాను. అమ్మాయి టికెట్ చూసింది.

"రీగా. ఎప్పుడూ వినలేదు. చుట్టాలున్నారా అక్కడ?"

"మా అక్క ఉంది," అంది ఆవిడ. "ఇంతవరకు చూడలేదు. ఇదే మొదటిసారి."

"అయ్యో, ఎంత బాగుందో. ఇన్నాళ్ళకా? ఎంత వయసండీ ఆవిడకి?"

"రెండేళ్ళు," అంది ఆవిడ.

అమ్మాయి చేతులు కీబోర్డ్ మీద ఆగిపోయాయి. ఆవిడ పాస్‌పోర్ట్ తిరిగి ఇమ్మని చేయి చాపింది.